సున్నం ఆరేలోగా

గోడ మీద తడి సున్నం కింద పిల్ల ఇంకా కనిపిస్తూనే ఉంది. కృపానందం గారు కుంచెను బకెట్లో పడేసి, చేతులు లుంగీకి తుడుచుకుని, పని కుదిరిందన్న తృప్తితో రెండడుగులు వెనక్కి వేసి గోడ వంక చూసుకుంటున్నారు. దేవకుమారి నీళ్ళబిందె చంకనుండగానే సమాధుల తోట గేటు దగ్గర నిలబడిపోయింది. దుమ్ము లేవకుండా కాసిని నీళ్ళు చల్లుదామని వచ్చింది. రెండేళ్ళుగా కప్పి ఉంచిన నీలం పట్టా మడతలు పెట్టి పక్కన ఉంది, మడత మీద ఎగిరిపోకుండా రాయి కూడా ఉంది. అంత పద్ధతిగా చేశారాయన. "కంగారు పడకండి చెల్లెమ్మా, ఇప్పుడింకా పలచగా కనపడుతోంది గానండి, ఆరితే పాలలా తెల్లగా వచ్చేస్తుంది," అన్నారు, ఆమె ముఖం చూసి. "అంత చదువుకున్నావిడ అంత దూరం నించి మన పాప సమాధి చూడ్డానికొస్తుంటే, ఇదొక్కటీ మాసిపోయి ఉంటే మన కొల్లేటి లంకకి ఎంత నామోషీ అండి? అందుకే తెల్లవారగానే వచ్చి నేనే వేసేశాను. కుంచె కూడా కొత్తదేనండి." దేవకుమారి బిందె చంక మార్చుకుంది. ఏమనాలి? ఆ మాట ఆయనతో చెప్పింది తనే. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘపెద్ద కదా, చెప్పకుండా ఉంటే బాగుండదని, 'మా పాప సమాధి చూడ్డానికి ఒకావిడ వస్తున్నారండి' అంది. చూడ్డానికొచ్చేది గోడ మీది బొమ్మనని చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. బొమ్మా పాపా వేరని ఆమె ఏనాడూ అనుకోలేదు మరి. ఈలోగా కృపానందం గారి జేబులో ఫోను మోగింది. ఆయన దాన్ని చెవికి కాస్త దూరంగా పెట్టుకుని అవతలి ఊరికి వినపడేలా మాట్లాడి, "ఏలూరులో రైలు దిగారంటండి, ఆటో మాట్లాడుకున్నారంట, గంటలో ఇక్కడుంటారు, నేను రోడ్డు మీదకెళ్ళి తీసుకొస్తాను," అని, బకెట్టు పట్టుకుని, ఈల లాంటిదేదో వేసుకుంటూ వెళ్ళిపోయారు.

గంట. ఈ ఎండకి సున్నం ఆరడానికి కూడా గంటే చాలు. బిందె దించి, సమాధి పక్కన నేల మీద కూర్చుంది దేవకుమారి. చిన్న సమాధి, చాపెడంత కూడా లేదు. తలవైపు గోడ మాత్రం మనిషెత్తు. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా నవ్వుకునే సంగతే అది, ఇంత గూటికి అంత తలుపా అని. గోడ పైభాగానికి ఎండ తగిలి అప్పుడే తెలుపు తిరుగుతోంది. జుట్టు పోతోంది ముందు. నల్లగా, మధ్య పాపిడి తీసి, చెవుల మీదుగా వెనక్కి దువ్విన జుట్టు. ఒక దీపం మసి అంతా దానికే పట్టిందని భర్త నిత్యానందం అప్పట్లో గొణిగాడు. కింద సగం తుమ్మచెట్టు నీడలో ఉంది, అక్కడ తడి కాసేపు ఆగుతుంది. తుడిచేస్తే? పచ్చి సున్నమే కదా, గుడ్డ పెట్టి ఒత్తితే వచ్చేయదూ? ఆలోచన రావడమేమిటి, కొంగు చేతికి చుట్టుకుని గోడ అడుగున చున్నీ అంచు ఉన్నచోట మెల్లగా రాసింది. సున్నం వచ్చింది. సున్నంతో పాటు ఎరుపూ వచ్చింది. కొంగు మీద బొటనవేలంత మరక. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. వచ్చేస్తుంది, రాక ఏం చేస్తుంది, అది పెయింటా పాడా? కొబ్బరిచిప్పలో నానేసిన తుమ్మజిగురు, అందులో బట్టల నీలం, దీపం మసి, చెరువు గట్టు నించి తెచ్చిన ఎర్రమట్టి. ఈ ఎరుపు అదీ కాదు, పసుపు. వంటింట్లో పసుపే. మొదట్లో ఆయనకి తెలియక పచ్చగౌను వేద్దామని పసుపు పూస్తే, సున్నం తగిలి తెల్లారేసరికి పారాణి రంగు తిరిగింది. తలపట్టుకు కూర్చున్నాడు. ఇదేంటండీ పిల్లకి ఎర్రగౌను తొడిగారు, బావుందే అని తనంటే, కావాలనే చేశానన్నట్టు మీసం సవరించుకున్నాడు. అది మొదలు పిల్లకి ఎరుపంటే ఇష్టమని ఇద్దరూ ఖాయం చేసేసుకున్నారు. రిబ్బన్లెరుపు, గాజులెరుపు, చున్నీ అంచెరుపు. నిజంగా బతికుంటే దానికే రంగు ఇష్టమయ్యేదో.

బతికుంటే అన్న మాట ఇంట్లో అనుకునేవాళ్ళు కాదు. ఆ ఏడు కొల్లేరు పొంగి లంక చుట్టూ నీళ్ళే నీళ్ళు, దేవకుమారికి కాన్పై ఒళ్ళు తెలియని జ్వరం. మంత్రసాని చేతుల్లో పిల్ల ఒక రాత్రీ ఒక పగలూ ఉంది. కేరుమంటే ఏ గోడ అవతలో ఎవరి పిల్లో ఏడుస్తున్నట్టు వినిపించింది తనకి. కళ్ళు తెరిచేసరికి పక్క ఖాళీగా ఉంది, వాకిట్లో నిత్యానందం మోకాళ్ళ మీద తలపెట్టుకు కూర్చుని ఉన్నాడు, లుంగీ తడి, కాళ్ళ నిండా బురద. దోనెలో తనే ఒడిలో పెట్టుకుని తీసుకెళ్ళి ఈ మెరక మీద పడుకోబెట్టి వచ్చాడు. ఇద్దరిలో ముఖం చూసింది ఆయనొక్కడే. ఎలా ఉందండీ అని ఎన్నిసార్లడిగిందో, నీ పోలికే అనేవాడు, అనేసి లేచి వెళ్ళిపోయేవాడు. హెప్సిబా అని పేరనుకున్నారు, కడుపులో ఉన్నప్పుడే. అప్పటి పాస్టరుగారు, పెద్దాయన, చెడ్డవాడేం కాదు, బాప్తిస్మం కాని బిడ్డ కదా నిత్యానందం, వరసలో వద్దులే, పేరూ వద్దులే అన్నారు. అందుకే ఈ సమాధి అన్నిటితో పాటు వరసలో లేదు, కంచెకి ఆనుకుని, తుమ్మచెట్టు కింద, పిలవని పేరంటానికొచ్చి గుమ్మం బయట నిలబడ్డ మనిషిలా విడిగా ఉండిపోయింది. ఆ ఏడుపు ఒక్కటే తనకి మిగిలింది. ఇప్పటికీ ఎవరింట్లో పసిపిల్ల ఏడ్చినా దేవకుమారికి చేసే పని చేతిలో ఆగిపోతుంది.

నుదురు పోయింది. ఎండ ఒక జానెడు కిందికి దిగింది.

మొదటి ఈస్టరుకి అందరూ వాళ్ళవాళ్ళ సమాధులకి సున్నం వేసుకుంటుంటే నిత్యానందం కూడా ఇటుకలు తెచ్చి ఇంత కట్టి సున్నం వేశాడు. వేసి ఊరుకోవచ్చు కదా. వేలు నీలంలో ముంచి, దోగాడే పిల్లని గీశాడు. పండగ తెల్లవారుజామున కొవ్వొత్తి పట్టుకుని వచ్చి చూసి, దేవకుమారికి ఒళ్ళు మండిపోయింది. పోయిన పిల్లకి బొమ్మలేంటండీ, మతుండే చేశారా అని అందరి ముందూ అనేసింది. ఆయన మెల్లగా, "ఈపాటికి దోగాడేదే కదే," అన్నాడు. అంతే అన్నాడు. ఇంటికెళ్ళాక ఆమె చాలా రోజులు పలకలేదు. అన్నం పెట్టి కంచం చప్పుడు చేసేది, అదే మాట. కానీ పైవేసవి దగ్గరపడే కొద్దీ, ఈస్టరు ముందరి నలభై రోజుల శ్రమదినాలు మొదలైన దగ్గర్నించీ, ఎవరికీ చెప్పుకోలేని ఎదురుచూపు ఒకటి పట్టుకుంది. ఈ ఏడు నడుస్తుంది కదా. గీస్తాడా? అడగలేదు. ఆయన చెప్పలేదు. వెళ్ళి చూస్తే, నిలబడి ఉంది. గోడ పట్టుకుని, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, నీళ్ళలో కొంగ వంక చూస్తోంది. ఆ రోజు అక్కడే కూలబడి ఏడ్చింది దేవకుమారి. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆ గౌను పొట్టయిపోయిందండీ అంది. ఆయన తల గోక్కుని వచ్చే ఏడు పెంచుతాలే అన్నాడు. అక్కణ్ణించి ఇక ఆగలేదు. పిల్ల పెరిగినప్పుడల్లా తలవైపు ఒక్కో వరస ఇటుక పేర్చేవాడు, లేకపోతే తల పట్టదు కదా అని. చేపల చెరువు కాపలావాడికి బొమ్మలెక్కడివి, ఎవరి దగ్గర నేర్చాడు అని లంకలో ఎవరూ అడగలేదు. నేర్చుకుంటే తెలిసేది చేతులు పొడుగవుతున్నాయని, కాళ్ళు ఒకదాని మీదొకటి పడుతున్నాయని. ఆయనకి తెలిసిందల్లా గట్టు మీద పాకలో పగలంతా కూర్చుని నీళ్ళ వంకా పిట్టల వంకా చూడ్డమే. అందుకేనేమో పిల్ల కూడా ఎప్పుడూ అటే చూసేది, పక్కకి తిరిగి, కొల్లేటి వైపు. ఇటు తిప్పండీ ముఖం, ఒక్కసారి, అని ఏటేటా అడిగేది. "తిప్పుతాలేవే, తొందరేమొచ్చింది, ఎక్కడికి పోద్దది?" అనేవాడు.

కొత్త బొమ్మ గీయాలంటే పాత బొమ్మ మీద సున్నం వెయ్యాలి. మొదట్లో అదీ చూడలేకపోయేది. బడి పలక పట్టుకున్న పిల్ల మీద ఆయన కుంచె ఆడిస్తుంటే మొహం తిప్పేసుకునేది. "పిల్ల పెరగొద్దంటే? పాత గౌను విప్పకపోతే కొత్తది ఎలా తొడుగుతాం?" అనేవాడాయన. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది దేవకుమారికి. విప్పేశారు, కృపానందం గారు విప్పేశారు పాపం, తొడిగేవాడేడీ? ఆ రోజులు ఎలాంటి రోజులు. శ్రమదినాలంటే అందరికీ ఉపవాసాలు, వీళ్ళిద్దరికీ పెళ్ళిపనులంత హడావిడి. ఈ ఏడు రెండు జడలు వెయ్యండి. రెండు జడలు నాకు రావే, ఒకటేస్తా. పరికిణీ వేస్తారా? చదువుకునే పిల్లకి పరికిణీ ఏంటి, యూనిఫారం వేస్తాను. పదో తరగతి పాసయిందా అండీ? లెక్కల్లో పోయింది. పోవడమేంటండీ, మీ అలివిమాలిన గారాబం వల్లే. సెప్టెంబరులో రాస్తుందిలే, అరవకు. ఆ ఏడు నిజంగానే చేతిలో పుస్తకం పెట్టి మూతి ముడుచుకున్న పిల్లని గీశాడాయన, పక్క నించి చూస్తే కూడా మూతి ముడిచినట్టు తెలిసింది. ఎలా తెలిసిందో. నవ్వొచ్చి ఆపుకోలేకపోయింది దేవకుమారి, ఈస్టరు ప్రార్థన మధ్యలో, పాస్టరమ్మగారు వెనక్కి తిరిగి చూశారు కూడా.

ఒకసారి గూడెం పట్నం వెళ్ళారు, ఇద్దరూ. చెరువుకి తౌడు మాట్లాడి రమ్మని యజమాని పంపితే, నువ్వూ రావే ఒకసారి అన్నాడు. మిల్లుల దగ్గర పని చూసుకుని, ఒళ్ళంతా తౌడు దుమ్ముతో, బస్సెక్కకుండా నడిపించుకుంటూ ఎక్కడికో తీసుకుపోయాడు. చూస్తే ఇంజనీరింగు కాలేజీ గేటు. సాయంత్రం, వదిలే వేళ. రోడ్డుకి ఇవతల నిలబడ్డారు. ఆడపిల్లలు గుంపులుగా వస్తున్నారు, నవ్వుకుంటూ, చున్నీలు ఒక భుజం మీద వేసుకుని, సంచులు ఇంకో భుజాన. "చూడు, సరిగ్గా చూడు, సంచి ఎలా తగిలించుకున్నారో చూడు, నాకు ఆడపిల్లల సంగతులు తెలవ్వు," అంటున్నాడు చెవిలో. తను చూస్తోంది. ఒక్కొక్కళ్ళనీ చూస్తోంది. ఆ ఎర్ర చున్నీ పిల్ల, ఆ చామనఛాయ పిల్ల, ఆ వెనక నించి పరిగెత్తుకొస్తున్న పిల్ల. గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చి, ఎవరి కోసమండీ అనడిగాడు. తను తడబడిపోయింది. నిత్యానందం ఏమాత్రం తొణక్కుండా, "మా అమ్మాయి కోసమండి," అన్నాడు. ఏ బ్రాంచండీ? "అదేనండి... కంప్యూటర్లండి." వాళ్ళకింకా క్లాసుందండి, కూర్చోండి, వచ్చేస్తారు అని స్టూలు చూపించాడా వాచ్‌మన్, దేవకుమారి కూర్చుంది కూడా. ఎంతసేపు కూర్చున్నారో. గేటు మూసేదాకా. బస్సులో వస్తూ దెందులూరు దాటాక ఆయన చెయ్యి ఆమె చేతి మీద పడింది. అబద్ధమాడారేంటండీ అంది తను చివరికి. అబద్ధం కాదే అన్నాడు. తిడదామనుకుంది, కానీ ఆ స్టూలు మీద కూర్చున్నంతసేపూ తను కూడా నిజంగానే ఎదురుచూసింది కదా.

కనుబొమ్మలు పోతున్నాయి. ఒక్క గుడ్డిగీత మిగిలింది. దేవకుమారి లేచి గోడకి దగ్గరగా జరిగి కూర్చుంది.

తర్వాత్తర్వాత లంకలో అందరూ రావడం మొదలుపెట్టారు. నిత్యానందం గారూ, మా అత్తగారికి రైలెక్కాలని ఉండేదండి, ఒక రైలు వెయ్యరా అని రత్నమాణిక్యం అడిగింది. ఆ రైలుకి చక్రాలు ఎన్నుండాలో తెలియక ఆయన పట్టినన్ని పెట్టాడు. ఇంకొకళ్ళకి మేడ, ఇంకొకళ్ళకి జోడెడ్లు. ఏడాది తిరిగేసరికి అన్నీ సున్నంలో కలిసిపోయేవి, మళ్ళీ వేసేవాడు. పోతేనేం అనేవాడు. లంకలో అందరికీ అలవాటే, ఒకదాని మీదొకటి వేసుకుపోవడం. చర్చి గోడ మీద మొన్నటి క్రిస్మస్ అక్షరాల మీద సున్నం, రోడ్డువార ఇళ్ళ మీద పాత ఎలక్షన్ల గుర్తుల మీద సున్నం. వానాకాలం గోడలు నానితే మళ్ళీ అన్నీ బయటికొచ్చి, ఓడిపోయినాయన గుర్తు కూడా పలకరిస్తుంది, ఎండెక్కితే పోతుంది. నిత్యానందం దానికి కూడా నవ్వేవాడు. ఆయనకి నవ్వడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

మొన్న చలికాలంలో వచ్చింది ఇందుజ గారు. గూడెం ఆడపడుచే, తల్లి అక్కడే ఉంటుంది, ఈవిడ హైదరాబాదులో బొమ్మల చరిత్ర పాఠం చెబుతుందట. అలాంటి పాఠం ఒకటుంటుందని దేవకుమారికి అప్పుడే తెలిసింది. గూడబాతులు చూద్దామని పిల్లల్ని వెంటేసుకొచ్చి, దారి తప్పి, పొద్దుగూకే వేళ ఈ కంచె పక్క నించి పోతూ ఆగిపోయింది. మిగతా సమాధుల మీద సున్నం రేకులు రేకులుగా లేచి పాత బొమ్మలు వెలిసిపోయి కనపడుతున్నాయి, పట్టా ఎత్తి ఉన్న ఇదొక్కటే కళగా ఉంది. కెమెరాలో రీలు పిట్టలకే అయిపోయిందని ఎంత నొచ్చుకుందో. ఎవరు వేశారండీ, ఎక్కడ నేర్చుకున్నారండీ అని చేతులు పట్టుకుని అడిగింది. తర్వాత ఫోన్లో చెప్పింది, కృపానందం గారి ఫోన్లో, ఆయన పక్కన లేకుండా చూసి. స్కూళ్ళకి పోకుండా, ఎవరి మెప్పూ కోరకుండా, తమలో తామే బొమ్మలేసుకున్న వాళ్ళు దేశదేశాల్లో ఉన్నారట. వాళ్ళ పేర్లు చాలాకాలం చరిత్ర పుస్తకాలకెక్కలేదట. ఇప్పుడిప్పుడే పెద్ద పెద్ద చిత్రకారుల పక్కన వాళ్ళనీ నిలబెడుతున్నారట, కానీ ఇంకా బయటివాళ్ళనే అంటారట. "మీవారిని ఆ పుస్తకంలో రాస్తానమ్మా, ముందొక్క మంచి ఫోటో కావాలి," అంది. బయటివాళ్ళేంటమ్మా, ఆయన మా లంక దాటి ఉన్నదే లేదు కదా అంది దేవకుమారి, అర్థం కాక. పుస్తకం సంగతి ఇందుజ గారికి తెలుసు. దేవకుమారికి కావలసింది ఒక్కటే, ఫోటో. చేతిలో పట్టేంత ఫోటో. ఆ ముఖం ఉన్న ఫోటో. గోడకి తగిలించుకుని, పొద్దున లేవగానే చూసుకునే ఫోటో. అడగడానికి సిగ్గుపడి, చివర్లో గబగబా అడిగేసింది, నాకొకటిస్తారాండీ అని. రెండిస్తానమ్మా అంది ఆవిడ. ఆ రోజు నించి పట్టా ఎన్నిసార్లు సర్దిందో, ఒక్క వానచుక్క పడకుండా.

ఎందుకంటే ముఖం ఉన్న బొమ్మ అదొక్కటే. గట్లు కొట్టేసిన ఏడాది వేసింది. కొల్లేట్లో చేపల చెరువులు తీసేస్తున్నారు, మిషన్లొచ్చాయి, నీళ్ళు మళ్ళీ ఒకటైపోయాయి, మంచికే అన్నారు కొందరు, నోటికాడ కూడు పోయిందన్నారు కొందరు. నిత్యానందం కూర్చునే పాక తీసేశారు, దాని మీది నీలం పట్టా ఇంటికొచ్చింది. ఆయనకప్పటికే దగ్గు. ఆ శ్రమదినాల్లో ఏమేమి వెయ్యాలని ఇద్దరూ అనుకోనే లేదు. ఒక్కడే వచ్చి, ఒక్కడే సున్నం వేసుకుని, ఎవర్నీ రానివ్వకుండా రోజుల తరబడి కూర్చున్నాడు. పండగనాడు కొవ్వొత్తి పైకెత్తి చూస్తే, పిల్ల ఇటు తిరిగి ఉంది. కొల్లేరు వీపు వెనకుంది. ఎదిగిన పిల్ల, సంచి భుజాన, ఎర్రంచు చున్నీ, కళ్ళు తిన్నగా తన మీద. ఒక కన్ను రవ్వంత చిన్నది. పై పెదవి మీద చిన్న నొక్కు. గీయడం రాక అలా వచ్చిందా, నిజంగా అలాగే ఉండేదా? దేవకుమారి ఆయన వంక తిరిగింది. ఆయన తల ఊపాడు. "ఇలాగే ఉందే. నీ పోలిక కాదు. నేనే అబద్ధం చెప్పాను. మా అమ్మ పోలిక." అన్నేళ్ళూ ఆ ముఖం ఎక్కడ దాచుకున్నాడో. ఇంత ఆలస్యం ఎందుకు చేశారండీ అని అడగాలనుకుంది, అడగలేదు. వానలు పడ్డాక ఆయనే వెళ్ళిపోయాడు, వరసలో పడుకోబెట్టారు, తెల్లటి సమాధి, దాని మీద ఏ బొమ్మా లేదు, వేసేవాళ్ళు లేరు. తర్వాత వచ్చిన ఈస్టరుకి కృపానందం గారు సున్నం బకెట్టుతో వస్తే, అన్నయ్యగారూ, ఈ ఒక్కదాన్నీ వదిలెయ్యండి అని బతిమాలింది. వదిలేశారు. అందరికీ చెప్పి మరీ వదిలించారు. ఇవాళ మాత్రం, అతిథి కదా.

చిన్న కన్ను ముందు పోయింది. పెద్ద కన్ను ఇంకా ఉంది, బూడిదరంగులో, పల్చగా. పోకమ్మా, కాసేపుండమ్మా, అంది దేవకుమారి పైకే. ఎండ తుమ్మకొమ్మని దాటి ముందుకొచ్చింది. కన్ను ఉందా, ఉందనుకుంటోందా? గోడ తెల్లగా ఉంది. బాగా కుదిరింది సున్నం, నిజానికి, ఎక్కడా చార కూడా లేదు. కోపం రావడం లేదు. కృపానందం గారి మీద ఎలా వస్తుంది, వరసలో లేని ఈ సమాధి దగ్గర ఏటా తనతో పాటు కొవ్వొత్తి పెట్టింది ఆయనొక్కడే. ఏడుపూ రావడం లేదు. పిల్లని చూడాలనుంది, అంతే, ఇంకే కోరికా లేదు, ఒళ్ళంతా అదే కోరిక. ఆ గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నప్పుడు ఎలా ఉందో అలా.

ఆటో శబ్దం. కృపానందం గారి గొంతు ముందే వినిపిస్తోంది, జాగ్రత్తండి, అక్కడ పల్లేరుకాయలున్నాయండి, ఇటు రండి. ఇందుజ గారు మెడలో పెద్ద కెమెరాతో చెమటలు కక్కుతూ వచ్చింది, ఈసారి రీలు గొడవ లేని కెమెరా అని నవ్వుతూ చెబుతూ వచ్చింది. వచ్చి, గోడ చూసి, నవ్వు ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది, వేరే సమాధి దగ్గరికొచ్చానేమో అన్నట్టు. "అమ్మా... ఇదేనా? ఇక్కడే కదండీ ఉంది?" కృపానందం గారు ఆవిడ ముఖం చూశారు, దేవకుమారి ముఖం చూశారు, కొంగు మీది ఎర్రమరక చూశారు. అప్పుడు అర్థమైంది ఆయనకి. పాపం, అంత మనిషీ అక్కడే చిన్నవాడైపోయాడు. "నేను... శుభ్రంగా ఉండాలని చేశానండి... అయ్యో చెల్లెమ్మా, అది కాస్తా నేనే చెరిపేశానాండి?" చేతులకింకా సున్నం ఉంది, ఆ చేతులెక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియడం లేదు. "చెరగలేదండీ అన్నయ్యగారూ, కిందే ఉంది," అంది దేవకుమారి. అన్నాక తన మాట తనే విన్నది. కిందే ఉంది. మీరే అన్నారు కదండీ, తడి మీద కనపడుతుందని. వానాకాలం చర్చి గోడ మీద అక్షరాలు రావడం లేదూ?

బిందెలో చెంబు ముంచింది. ముంచి ఆగింది. జిగురు రంగు. నీళ్ళు తగిలితే కొంచెం కరిగి కారుతుంది, కొంగుకి అంటలేదూ? తడపకుండా ఉంచితే లోపల అలాగే ఉంటుంది, ఎన్నాళ్ళైనా ఉంటుంది, భద్రంగా, ఎవరూ చూడకుండా. తనూ చూడకుండా. అలా ఉన్న పిల్ల మట్టిలో ఉండనే ఉంది కదా. "ఫోటో సిద్ధం చేసుకోండమ్మా. ఎక్కువసార్లు పొయ్యలేనండి," అంది. సమాధి పక్క నించి గోడకి ఆనుకుని, చెయ్యి బాగా పైకెత్తి, తల ఉండే చోటు నించి మెల్లగా పోసింది, కళ్ళలో పడకుండా పోసినట్టు, చెయ్యి అడ్డం పెట్టి. పిల్లకి ఏనాడూ నీళ్ళు పొయ్యలేదు తను. ఒక్క స్నానం కూడా. నీళ్ళు పాకిన మేరా తెలుపు వెనక్కి తగ్గింది. పాపిడి వచ్చింది. కనుబొమ్మలొచ్చాయి. పెద్ద కన్ను, దాని తర్వాత రవ్వంత చిన్న కన్ను, తిన్నగా చూస్తూ. పెదవి మీద నొక్కు. కృపానందం గారు ప్రభువా అన్నారు. ఇందుజ గారి కెమెరా టకటకమంది. చెంబులో నీళ్ళయిపోయాయి. గోడ అడుగున నీళ్ళు కాస్త ఎర్రగా కారి మట్టిలోకి ఇంకుతున్నాయి.

ఇందుజ గారు కెమెరా వెనక ఉన్న చిన్న అద్దంలో చూసుకుని, పెదవి కొరుక్కుంది. "అమ్మా, ఏమీ అనుకోకండి. బొమ్మ చాలా బాగా వచ్చిందండి, కానీ అన్నిట్లో మీ చెయ్యి పడిపోయింది. చెంబూ, మీ చెయ్యీ. పుస్తకానికి బొమ్మ ఒక్కటే ఉండాలి కదా, ఇంకొక్క చెంబు పోసి, మీరు కాస్త పక్కకి జరిగితే..." దేవకుమారి చూపించమంది. అరచేతి కంటే చిన్న అద్దంలో కూతురు. నీళ్ళోడుతున్న జుట్టు, చూసే కళ్ళు. ఆ తల మీద, సున్నం అంటిన, నరాలు తేలిన, తన చెయ్యి. ఆమె చాలాసేపు చూసింది. గోడ మీద మళ్ళీ పైనించి తెల్లబడడం మొదలైంది, అటు తిరగలేదు.

"పోస్తానమ్మా, మీ పుస్తకానికి ఇంకొక్క చెంబు పోస్తాను, ఆయన పేరు రాస్తానన్నారు కదా. బొమ్మ పేరు హెప్సిబా అని రాయండి," అంది. "కానీ ఇది తీసెయ్యకండమ్మా. నాకిమ్మన్నది ఇదే ఇవ్వండి. తల్లీ కూతుళ్ళం కలిసి దిగింది ఇదొక్కటేనండి."